దేశం చూసిన కట్టుడు పళ్ళు

వెర్లిన్ టాకెట్‌కి కెమెరా పిచ్చి. అందరికీ ఉండేపాటి పిచ్చి కాదు. దాని మీద ఎర్రదీపం వెలిగితే చాలు, ఎదురుగా దొంగ ఉన్నా దొర ఉన్నా వదిలేసి, కెమెరా కేసి తిరిగి ఉపన్యాసం మొదలుపెట్టేవాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. ఆరడుగుల మూడంగుళాల పొడుగు, వీధి తలుపంత వెడల్పు. అమెరికాలో కెంటకీ కొండల్లో, మా కౌంటీ పోలీసు పెద్ద షెరీఫ్ దగ్గర ముప్పై ఏళ్ళుగా డెప్యూటీ. ఆయనకి ఈ జబ్బుందని టీవీవాళ్ళు వచ్చేదాకా మాకెవరికీ తెలియదు.

శుక్రవారం, శనివారం సాయంత్రాలు ఆ టీవీవాళ్ళ కార్యక్రమం కోసం కెమెరా పోలీసు కారెక్కి గస్తీకి వెళ్ళేది. ఎక్కడ ఎవర్ని ఆపినా, ఎవర్ని పట్టుకున్నా, దేశమంతా అప్పటికప్పుడు ఇళ్ళలో కూర్చుని చూసేది. మా కొండదారులు తెలిసిన కెమెరామన్ కావాలంటే నేను దొరికాను. అప్పటిదాకా పెళ్ళిళ్ళూ, స్కూలు బాస్కెట్‌బాల్ పోటీలూ తీసుకుంటూ బతికినవాణ్ణి. తీసుకెళ్ళి వెర్లిన్ కారు వెనక సీట్లో పడేశారు.

మొదటి సాయంత్రమే, వెనకదీపం పగిలిన ఒక ట్రక్కుని ఆపాం. తోలేవాడు తప్పతాగి స్టీరింగు మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. న్యూయార్క్‌లో కూర్చున్న ప్రొడ్యూసర్ కోర్ట్నీ, అతని మొహం దగ్గరగా చూపించమని నా చెవిలోని ఇయర్‌ఫోన్లో చెప్పింది. కెమెరా ఎత్తాను. అందులో వెర్లిన్ మొహం తప్ప మరేమీ లేదు.

“అమ్మలారా, అయ్యలారా,” అన్నాడు దేశంతో, “మొక్కజొన్న రొట్టెలో పంచదార వేసేవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే ముందు అది మానెయ్యండి.”

నేను నోరెళ్ళబెట్టాను. ఇనప మూకుడు ముందే కాలాలన్నాడు, పంది కొవ్వు తప్ప ఇంకోటి వాడితే పాపమన్నాడు, మజ్జిగ పులిసిందో లేదో వాసన చూసి చెప్పెయ్యొచ్చన్నాడు. నేను ఎడమకి జరిగితే ఎడమకి జరిగాడు, కుడికి జరిగితే కుడికి. నాలుగు నిమిషాలు. ఈలోపు ఆయన జోడీ ఆఫీసరు ట్రెనా ఆ తాగుబోతుని నడిపించుకెళ్ళి కారులో కూర్చోబెట్టి తలుపు వేసేసింది. వెర్లిన్ పక్కకి తప్పుకున్నాక దేశానికి కనిపించింది మూసిన ఆ తలుపొక్కటే. కోర్ట్నీ నా చెవిలో అన్న మాటలు, చర్చి పెద్దగారి కొడుకుగా పుట్టిన నేను ఇక్కడ రాయలేను.

పోనీ కొత్త కదా అనుకున్నాను. మరుసటి వారం ఒకతను పెళ్ళాంతో గొడవపడి, లోపలి చెడ్డీతో వాగులోకి పరిగెత్తాడు. ట్రెనా అతని వెనక, నేను కెమెరాతో ఆమె వెనక. దారికడ్డంగా వెర్లిన్. టోపీ తీసి, దువ్వెన తీసి, నా లెన్సులో చూసుకుంటూ తల దువ్వుకోవడం మొదలెట్టాడు. మా ఇంట్లో అద్దం కంటే ఇదే నయమని మెచ్చుకున్నాడు. తరవాత ముక్కులో వెంట్రుకలు కనిపిస్తున్నాయేమోనని ఇంకా దగ్గరికొచ్చాడు. కనిపిస్తున్నాయి. అలాస్కా దాకా కనిపించాయి.

ఇక ఉత్తరాలు వచ్చిపడ్డాయి. వాడెవడో బఫూన్ని తీసెయ్యమని కొందరు, రొట్టెకి ఎన్ని గుడ్లో చెప్పనేలేదని కొందరు. తోటి డెప్యూటీలు హీరోగారని పిలిచేవారు. కోర్టు మెట్ల దగ్గర కుర్రకారు, ఇవాళ పంచదార వేశావా అని కేకలు వేస్తే, టోపీ ఎత్తి దణ్ణం పెట్టేవాడు. పక్కన నడవడానికి నాకే సిగ్గేసేది. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

“ఎందుకు బాబాయ్, ఈ వయసులో నీకీ యావ?”

“ఏం చెయ్యమంటావు కర్టిస్, అందగాణ్ణి,” అన్నాడు. “దాచుకుంటే పాపం తగుల్తుంది.”

నాకు మాత్రం పాపం అప్పటికే తగిలింది. ఇంకొక్కసారి ఆయన అడ్డొస్తే నా ఉద్యోగం ఊడుతుందని కోర్ట్నీ తేల్చి చెప్పింది.

ఆ ఇంకొక్కసారి జూన్‌లో ఒక శనివారం వచ్చింది. ఎండ ఇంకా కొండమీదనే ఉంది. పెట్రోలు బంకులో ఎవరో పైజామాతో నిలబడి కార్లని కదలనివ్వడం లేదని కబురొచ్చింది. వెళ్ళి చూస్తే ఎస్టిల్ కూమ్స్ మాస్టారు. మా హైస్కూల్లో ముప్పై అయిదేళ్ళు లెక్కలు చెప్పారు. నాకూ, ట్రెనాకీ కూడా చెప్పారు. రెండేళ్ళుగా ఆయనకి మతి నిలకడగా లేదు. ఇంటావిడ కునుకు తీస్తుంటే బయటికొచ్చేసినట్టున్నారు. అద్దాలు తుడిచే కర్ర బెత్తంలా పట్టుకుని, పెట్రోలుకొచ్చినవాళ్ళని వరసలో నిలబెట్టి ఎక్కాలు అప్పచెప్పమంటున్నారు. పైజామా తడిసిపోయి ఉంది.

చెవిలో కోర్ట్నీ పడీ పడీ నవ్వుతోంది. ఇలాంటిది మళ్ళీ దొరకదంది, ముందు మొహం, ఆనక మెల్లిగా కిందికి చూపించమంది. ఎప్పట్లాగే వెర్లిన్ అడ్డొచ్చాడు. తోసెయ్యమంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, తోసేశాను. ఉద్యోగం మరి. భుజంతో గట్టిగా నెడితే అంత మనిషీ తూలాడు.

నావంక ఒక్క క్షణం చూశాడు. రొట్టె ఊసెత్తలేదు. నోట్లో చెయ్యి పెట్టి, పై వరసా కింది వరసా రెండూ ఊడబీకి, అరచేతిలో పెట్టి లెన్సుకి ఆనించాడు.

“వీతిని వేన్నీల్లతో కదగకూదదు,” అన్నాడు. “చన్నీల్లే. బ్లచ్చు మెత్తగా ఉందాలి.”

నేను కొయ్యబారిపోయాను. ఆయనవి కట్టుడు పళ్ళని ముప్పై ఏళ్ళుగా కలిసి తిరిగిన షెరీఫ్‌కే తెలియదట. ఆ పళ్ళ వెనకనించి ట్రెనా గొంతు వినబడింది.

“సార్, నేను హోంవర్కు తేలేదు.”

“మళ్ళీనా ట్రెనా?” అన్నారు మాస్టారు.

“ప్రిన్సిపాల్ గారు మిమ్మల్ని పిలుస్తున్నారు సార్. ఈ కోటు వేసుకోండి, చలిగా ఉంది.”

జూన్ నెలలో చలేమిటని ఆయన అడగలేదు. వాళ్ళ అడుగుల చప్పుడు కారు వైపు వెళ్ళింది. తిప్పు, తిప్పు అని చెవిలో కేకలు. రెండడుగులు పక్కకి వేస్తే చాలు. ఎందుకో నా కాళ్ళు కదల్లేదు. లెన్సు సవరించి, ఆ పళ్ళనే ఇంకాస్త స్పష్టంగా చూపించాను.

సోమవారానికల్లా ఇద్దర్నీ ఆ కార్యక్రమం నించి తీసేశారు. నేను మళ్ళీ పెళ్ళిళ్ళకి, వెర్లిన్ కోర్టు గుమ్మం దగ్గర కాపలాకి.

పాపం, కెమెరా దూరమై బెంగపెట్టుకుని ఉంటాడనిపించింది. ఆయన కనిపించిన ముక్కలన్నీ ఒక డిస్కులోకి ఎక్కించి ఇంటికి పట్టుకెళ్ళాను. వాళ్ళావిడ ఓవా అది చూసి, నిలబడలేక కుర్చీలో కూలబడి నవ్వింది.

“ఎవరు చూస్తారనుకుని తెచ్చావు నాయనా?”

అప్పుడు చెప్పింది. ఆ కార్యక్రమం ఆయన ఒక్కరోజు కూడా చూడలేదు, ఆమెనీ చూడనివ్వలేదు. కెమెరా అంటే చిన్నప్పట్నించీ హడలు. పెళ్ళి ఫొటోలో కూడా బావమరిది వెనక నక్కి నిలబడ్డాడు. ప్రతి శుక్రవారం కొట్టం వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుని, మూతి కడుక్కుని, డ్యూటీకి బయల్దేరేవాడు.

పెరటి వసారాలో వెర్లిన్ చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు. వెళ్ళి పక్కన కూర్చుని, మరి ఎందుకని అడిగాను. తల ఎత్తలేదు.

“మనం పట్టుకున్నవాళ్ళంతా సోమవారం పొద్దున మళ్ళీ ఇదే ఊళ్ళో కొట్టుకెళ్ళి పాలు కొనుక్కోవాలి కదరా,” అన్నాడు. ఇంకో కాయ ఒలిచి, “ఎవర్నో ఒకళ్ళని చూసి నవ్వుదామని జనం కూర్చున్నారు. నన్ను చూసి నవ్వితే నేనేం అరిగిపోతానా?”

నేనూ ఓ చారెడు చిక్కుళ్ళు తీసుకుని ఒలిచాను. లేచేముందు, ఒక్క ఫొటో తీసుకోనివ్వమని అడిగాను. మనిషి పాలిపోయాడు. ఓవా చెయ్యి పట్టి లాక్కొచ్చి మెట్ల మీద నిలబెట్టింది. నేను మీట నొక్కే క్షణంలో ఆమెని చటుక్కున ముందుకి లాక్కున్నాడు.

ఆ ఫొటోలో ఓవా నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆమె వెనక ఎర్రగా కందిపోయిన చెవి ఒకటి కనిపిస్తుంది, అంతే. నేను ఇన్నేళ్ళుగా తీసినవాటిలో నా దుకాణం గోడకి తగిలించుకున్నది అదొక్కటే. పెళ్ళి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు, ఆ చెవి ఎవరిదని అడుగుతుంటారు. తొందరేం లేకపోతే కూర్చోండి అంటాను.