పెన్సిల్ గుర్తు పైకి

మా కాలేజీలో ఆవిడను అందరూ కోడిగుడ్ల మేడమ్ అంటారు. జంతుశాస్త్ర విభాగంలో ఆవిడే పెద్ద, నేను అందరికంటే చిన్న. ఇంక్యుబేటర్‌లో పొదిగిన గుడ్లను ఆవిడ పట్టుకుంటే, తక్కిన సామాను సంచి మోయడం నా వంతు.

కణ, పిండాభివృద్ధి శాస్త్ర సంఘానికి మా ప్రాంత ప్రతినిధి ఆవిడే. చేరిన కొత్తలో అదేదో పెద్ద హోదా అనుకున్నాను. తీరా చూస్తే ఏటా ఒక రోజు సమావేశం కోసం ఏదో ఒక కాలేజీని బతిమాలాలి. హాలు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి. వస్తానని మాటిచ్చి ఆఖరి నిమిషంలో జ్వరం తెచ్చుకునే వక్తకు బదులు ఇంకొకరిని వెతకాలి. పదవీకాలం ముగిసినప్పుడల్లా "ఈసారి ఇంకెవరైనా తీసుకోండమ్మా" అని ఆవిడ అడిగేవారు. జనం గట్టిగా చప్పట్లు కొట్టి ఆవిడనే మళ్లీ ఎన్నుకునేవారు.

ఈ ఏడు చప్పట్లతో పని జరగదు. ఆవిడ భర్తకు పక్షవాతం వచ్చింది. ఆయన్ని మంచం మీంచి లేపాలన్నా, పడుకోబెట్టాలన్నా ఆవిడే. కేంద్ర కార్యాలయం కూడా తేల్చి చెప్పేసింది: సమావేశం ముగిసేలోగా కొత్త ప్రతినిధి దొరక్కపోతే మా ప్రాంతాన్ని పక్క ప్రాంతంలో కలిపేస్తారు. అక్కడ అన్నీ పెద్ద పరిశోధనాలయాలు. మా చిన్న కాలేజీల పిల్లలు మొదటిసారి మైకు ముందు నిలబడి వణకడానికి ఉన్న ఒక్క చోటూ పోతుంది.

"నువ్వు తీసుకోకూడదూ?" అని నన్ను ఒక్కసారే అడిగారు.

"పాప చిన్నది కదా మేడమ్..."

"అవున్లే. నిద్రలేని మొహం కనబడుతూనే ఉంది."

మళ్లీ అడగలేదు. అడిగి విసిగించినా బాగుండేది.

పాపకు మొదటి పుట్టినరోజు ఎప్పుడో అయిపోయింది, ఇంకా అడుగు వెయ్యదు. ఏ నెలకు ఏం చెయ్యాలో చెప్పే పట్టికలన్నీ నాకు కంఠతా వచ్చు. పక్కవాటాలో దాని ఈడు వాడు మెట్లెక్కి దూకుతున్నాడు.

సమావేశం రోజు పొద్దున్నే బస్సెక్కాం. వేడినీళ్ల సీసాల మధ్య గుడ్ల ట్రే పెట్టిన డబ్బాను మేడమ్ ఒళ్లో పెట్టుకున్నారు. గుడ్లన్నీ అడ్డంగా పడుకుని ఉన్నాయి, ఒక్కోదాని పైభాగాన పెన్సిల్ గుర్తు. గుడ్డు అడ్డంగా ఉంటే లోపలి పిండం పచ్చసొన మీద తేలుతూ పైకి వస్తుంది. గుర్తున్న చోట పెంకును కిటికీలా కత్తిరిస్తే, మూడో రోజు పిండంలో గుండె కొట్టుకోవడం కంటితోనే చూడొచ్చు. ఏ ఉపన్యాసమూ మొదలుకాకముందే ఆవిడ ఇది చూపిస్తారు. దీని కోసమే వచ్చే పిల్లలున్నారు.

ఆతిథ్యమిచ్చిన కాలేజీలో అడుగుపెట్టగానే ఇద్దరు విద్యార్థినులు ఎదురొచ్చి "మేం చూసుకుంటాం మేడమ్, మీరు కూర్చోండి" అని డబ్బా అందుకున్నారు. ఆవిడ కాదనలేదు. కుర్చీలో కూలబడి మోకాళ్లు నొక్కుకుంటూ, భర్త దగ్గర కూర్చోబెట్టి వచ్చిన పక్కింటావిడకు ఫోన్ చేశారు. "మందు మింగారా? ఉమ్మేశారా? సరే, పెరుగులో కలిపి చూడండి."

పక్క కుర్చీలో నర్సింగ్ కాలేజీ లెక్చరర్ విసనకర్రలా కాగితం ఊపుకుంటోంది. ఏటా వస్తుంది, ఏటా సణుగుతుంది. "ఫ్యాను తిరగదు, టీ రాదు. ఏం సంఘమో ఏమో మనది!"

కేంద్ర కార్యాలయం నుంచి వచ్చిన కార్యదర్శి వేదిక దగ్గర నవ్వుతూ తిరుగుతున్నారు. మైకు బాగుపడి సమావేశం మొదలయ్యేసరికి చాలా ఆలస్యమైంది. పిల్లలు బల్ల చుట్టూ మూగారు. మేడమ్ ఒక గుడ్డు తీసి, మెత్తటి గుడ్డ చుట్టమీద పడుకోబెట్టి, లోపలి సొన పెంకుకు తగలకుండా దిగేలా సూదితో కొంచెం తెల్లసొన లాగి, వెంటనే గుర్తున్న చోట కత్తెర పెట్టారు.

కిటికీలో పచ్చసొన తప్ప ఏమీ లేదు.

రెండోదీ అంతే. మూడోదాంట్లో కత్తెర మొన దిగి సొన చితికింది.

"మేడమ్, బస్సులో ఉడికిపోయినట్టున్నాయి!" అన్నారు కార్యదర్శి. హాలంతా గొల్లున నవ్వింది.

"పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చింది పచ్చసొన చూడ్డానికా అమ్మా?" అంది నర్సింగ్ లెక్చరర్.

మేడమ్ కత్తెర కింద పెట్టారు. ట్రే వైపు చూశారు. నేనూ చూశాను. గుడ్లన్నీ కొట్టులో అమ్మకానికి పెట్టినట్టు, మొన కిందికి, చక్కగా నిలబడి ఉన్నాయి. ఆ అమ్మాయిలు నీటుగా సర్దిపెట్టారు. అలా నిలబడి ఉంటే పిండం పైకొసకు చేరుతుంది, గుర్తు పక్కకు పోతుంది.

"వాళ్లకేం తెలుసు," అన్నారు మేడమ్ నెమ్మదిగా. "నిలబడున్న గుడ్డును నా చేత్తో నేనే తీశాను. చూసీ పోల్చుకోలేదు. మిమ్మల్ని ఇన్నేళ్లూ ఆగండర్రా, ఆగండర్రా అని చంపుకుతిన్నాను, ఇవాళ నేనే ఆగలేదు."

మిగిలిన గుడ్లను గుర్తు పైకి వచ్చేలా పడుకోబెట్టి, చుట్టూ సీసాల్లో వేడినీళ్లు మార్చారు. "కాసేపాగితే పిండాలు మళ్లీ గుర్తు కిందికి తిరుగుతాయి."

కార్యదర్శి ఆగలేదు. "భోజనాలు చల్లారిపోతున్నాయి, పదండి పదండి." హాలు ఖాళీ అయింది. నేను, సర్దిపెట్టి ఏడుపు మొహాలు వేసుకున్న ఆ అమ్మాయిలు, లేవడానికి బద్ధకించిన నర్సింగ్ లెక్చరర్ మేడమ్ దగ్గర మిగిలాం.

ఊరికే కూర్చోలేక అడిగేశాను. "మేడమ్, మా పాప ఇంకా నడవడం లేదు."

"నాకు కోడిపిల్లల సంగతే తెలుసు నాయనా."

"అది కాదు మేడమ్, పట్టికలో ఈపాటికి..."

"మన కోడిపిండం దశల పటం ఎలా చదువుతాం? గంటలు చూసి కాదుగా. ఒకేసారి పెట్టిన గుడ్లలో కూడా ఒకటి ముందుంటుంది, ఒకటి వెనకుంటుంది. పిండాన్ని చూసి దశ రాస్తాం. పట్టుకుని నిలబడుతుందా?"

"నిలబడుతుంది. సోఫా చుట్టూ తిరుగుతుంది."

"అయితే ఆ దశ రాసుకో. అనుమానముంటే పిల్లల డాక్టరుకు చూపించు. నన్నడక్కు."

నర్సింగ్ లెక్చరర్ కాగితం ఊపడం ఆపింది. "మావాడు సోఫా చుట్టూ తిరిగీ తిరిగీ దాని కవరంతా చింపేశాక గానీ నడవలేదు," అంది నాకేసి చూడకుండా.

మేడమ్ కత్తెర తీసుకున్నారు. ఈసారి కిటికీ కింద ఎర్రటి సన్నని రక్తనాళాల వలయం, నడుమ వంకీలా వంగిన పిండం, అందులో ఆవగింజంత ఎర్రచుక్క. చుక్క ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. అమ్మాయిల్లో ఒకతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నర్సింగ్ లెక్చరర్ వంగి, కళ్లజోడు పైకి తోసి, చాలాసేపు చూసింది.

సాయంత్రం కార్యదర్శి మైకు పట్టుకున్నారు. "ప్రతినిధిగా ఎవరైనా ముందుకొస్తారా?" కుర్చీలు కిర్రుమన్నాయి. నేను చెప్పుల వైపు చూసుకున్నాను. మేడమ్ నావైపు చూడలేదు. ఆవిడ చెయ్యి కుర్చీ చేతిని పట్టుకుంది, లేవబోతున్నట్టు. ఇంకెవరూ లేకపోతే తనే లేస్తారని నాకర్థమైంది.

"కూర్చోండి మీరు," అంది వెనకనుంచి నర్సింగ్ లెక్చరర్. "నేను చేస్తాను. పక్క ప్రాంతం సమావేశానికెళ్లాలంటే రెండు బస్సులే కాదు, ఒక రైలు కూడా ఎక్కాలి. అందుకే ఒప్పుకుంటున్నా, సేవా గీవా కాదు. కానీ గుడ్లు నాకు చేతకాదు. మీరు నేర్పాలి."

"మా ఇంటికొస్తే నేర్పుతా," అన్నారు మేడమ్. "ఆయన్ని వదిలి నేను రాలేను."

"వస్తా లెండి. టీ అయినా దొరుకుతుంది."

చప్పట్లు కొట్టారు. మేడమ్ నవ్వలేదు, కుర్చీ చేతిని వదిలి వీపు వెనక్కి ఆన్చారు. కాసేపటికి డబ్బా, ట్రే, కత్తెర, పెన్సిల్ ముక్క నర్సింగ్ లెక్చరర్‌కు అప్పగించేశారు.

తిరుగు బస్సులో కూర్చోగానే మేడమ్‌కు నిద్ర పట్టేసింది. గతుకు వచ్చినప్పుడల్లా, ఖాళీ ఒడి మీద ఆవిడ రెండు చేతులూ దేన్నో కదలకుండా పట్టుకున్నట్టు బిగుసుకునేవి. దిగాల్సిన చోటు వచ్చినా ఆవిడను లేపడానికి నాకు చేతులు రాలేదు.