ఏరియేటర్లు ఆగిన పది సెకన్లు

ధ్వనినీ దృశ్యాన్నీ ఒక గదిలో అమర్చి, ఆ గదినే కళాకృతిగా చూపించడం నా వృత్తి. చదివింది ఎలక్ట్రానిక్స్. చెన్నైలోని ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామని, సోమవారంలోగా జవాబు చెప్పమని అడిగింది. ఆ ఆదివారమే అల్లూరులో నా ప్రదర్శన. సొంత ఊరివాళ్లు చివరిదాకా కూర్చోలేకపోతే ఉద్యోగంలో చేరిపోవాలని నిశ్చయించుకున్నాను.

ఖాళీ ఐసు గోదాము గోడలపై ప్రొజెక్టర్లతో రొయ్యల గుంట నీటిని పరిచాను. గుంట నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్ల మోతను నీటిలో ముంచిన మైకుతో పట్టి, వాటి చక్రాలు తిరిగే దిశలోనే, నాలుగు మూలల స్పీకర్ల మీదుగా తిరిగేలా అమర్చాను. మధ్యలో మోత హఠాత్తుగా ఆగుతుంది. పది సెకన్ల నిశ్శబ్దం.

రొయ్యల రైతయిన మా బావ తోటి రైతులను వెంటబెట్టుకొచ్చాడు.

"ఏంది బామ్మర్దీ, ఈ మోత వినడానికి చీకటి కొట్టులో కూర్చోవాలా? మా గుంట కట్ట మీదికి రా, కాఫీ కూడా ఇప్పిస్తా."

అందరూ నవ్వారు. అయినా కూర్చున్నారు.

మోత ఆగింది. మరుక్షణమే బావ లేచాడు. "కరెంటు పోయినట్టుంది! జనరేటర్ ఎయ్యమనండి!"

ప్రొజెక్టర్లు వెలుగుతూనే ఉన్నాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మోత మళ్లీ మొదలయ్యేసరికి గోదాములో నేనొక్కడినే మిగిలాను. సోమవారం చెప్పవలసిన జవాబు తేలిపోయిందనుకున్నాను.

బయట ఎండలో అందరి చెవులకూ ఫోన్లున్నాయి. బావ గుంట కాపలాదారుతో అరుస్తున్నాడు. "తిరగతా ఉండాయా? అన్నీనా? ఫోను చక్రం కాడ పెట్టు, నన్ను విననీ." విన్నాడు. బిగిసిన భుజాలు దిగాయి.

ఏరియేటర్లు ఆగితే నీటిలో ప్రాణవాయువు తగ్గి, పంటంతా ఒక్క పూటలో పోవచ్చు. ఆ భయాన్ని గుర్తు చేయాలనే ఆ నిశ్శబ్దం పెట్టాను. అది మనుషుల్ని బయటికి పరుగెత్తిస్తుందనుకోలేదు.

"ఆ ఖాళీ తీసేస్తాను బావా."

"తీసేస్తే ఇంకేముందబ్బా అందులో? మొదట్నించి వెయ్. ఈసారి లేస్తే నన్నడుగు."

అందరూ తిరిగి వచ్చారు. రెండోసారి మోత ఆగినప్పుడు ఎవరూ లేవలేదు. బావ చెయ్యి మాత్రం జేబులోని ఫోను మీదికి పోయింది. "కూర్చోన్నా, ఉత్తదే," అన్నాడు పక్కాయన. అంటూనే ఆయనా తన ఫోను తీసి చూసుకున్నాడు. చక్రాలు మళ్లీ తిరిగాయి. గదంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది, నాతో సహా.

చివరి దృశ్యం ఆరిపోయేదాకా ఉన్నారు. స్పీకర్ల తీగలు చుట్టకముందే చెన్నైకి జవాబు పంపాను, రావడం లేదని. ఆ సాయంత్రం గుంట కట్ట మీద బావ నిజంగానే కాఫీ ఇప్పించాడు.