విస్తరాకుల ఎరువు

ముందే చెప్తున్న: నేను పిల్లిని చూసొచ్చి పులిని చూసిన్నని చెప్పే రకం. జర తగ్గించి చదువుకోండి.

తెలంగాణ కోసం ఆఫీసులన్నీ సమ్మెలో ఉన్న రోజులవి. జనగామలో మేం గుమాస్తాలమంతా రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేసినం. తిన్నోళ్లు పది లక్షల మంది. ఆ పొగకు కాళేశ్వరం కాడ గోదారికి కండ్లు మండినయి. ఆ ఊపులో మైకందుకొని, "వచ్చేసారి వంటకు కూరగాయలు మా పెరట్లయే!" అని మాటిచ్చిన. అప్పటికి మా పెరట్లో ఉన్నది గులకరాళ్ల మొరం, ఒక దండెం.

ఇగ ఇజ్జత్ దక్కించుకోవాలె కదా. అందరూ చేతులు కడుక్కుంటుంటే నేనేమో వాళ్లు తిన్న మోదుగాకు విస్తర్లు, కూరకు కోసిన గుమ్మడికాయల తొక్కలు, గింజలు గోనెసంచుల్లో కుక్కి ఇంటికి మోసిన. సందుల్లో రాలిన వేపాకు, కానుగాకు ఊడ్చిన. నా ఊడ్పుకు సగం జనగామ అద్దం లెక్క మెరిసింది. పాలమ్మే అక్క కొట్టంలకెళ్లి పచ్చి పెండ తట్టలకొద్దీ తెచ్చి, అంతా కలిపిన. దండెం కింద వంగనారు నాటిన.

మా ఆవిడది బయ్యారం దిక్కు, వ్యవసాయం చేసే ఇల్లు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వచ్చింది.

"ఏందయ్యా, గీ పచ్చి పెండ మొక్కలకేస్తవా? మూలకు కుప్పేయి. మాగి, మట్టి లెక్క అయినంక ఏసుకోవాలె."

"అందాక ఉద్యమం ఆగుతదా?"

"ఉద్యమం ఆగకపోతే మానె. నీ వంగనారు ఆగుతది."

నేను వినలే. కలిపిన దాంట్ల సగం తీసి వంగనారు మొదళ్లకు పోసిన. నడుం పట్టేసి, మిగిలిన సగం మూలకు పారేసిన. వారం తిరక్కముందే నారంతా మాడింది. ఆ మట్టి వేడికి గిన్నె పెడితే చాయ మరిగేది.

నెలలు గడిచినయి. మళ్లీ వంటా వార్పుకు పిలుపొచ్చింది. తోటి గుమాస్తాలు ఎదురైతే ఒకటే ఎత్తిపొడుపు: "అన్నా, వంకాయలు తెంపుతున్నవా?" నేను సందులు మార్చి తిరిగిన. జరమని దవాఖానలో చేరుదామని కూడా అనుకున్న.

వంట పొద్దున మా ఆవిడ పెరట్లకెళ్లి పిలిచింది. మూలకు పారేసిన కుప్ప మీద తీగ పాకి ఉన్నది. ఆకుల కింద గుమ్మడికాయ! రోడ్డు మీద కోసిన కాయల గింజలే మొలిచినయి. నేను ముట్టని కుప్ప దానంతట అదే మాగింది. గిన్నెలు కడిగిన నీళ్లు ఆమె పోసింది. కాయను నలుగురం ఎత్తినం, గేటు ఊడబీకితే గానీ బయటికి రాలే.

"అబ్బో, అన్న మాట నిలబెట్టుకున్నడు!" అన్నరు రోడ్డు మీద.

"ఏముంది, అంతా ఎరువు మహిమ" అన్న, ఛాతీ విరుచుకొని. కత్తిపీట ముందర కూసున్న మా ఆవిడ నవ్వి ఊకున్నది.

ఇగ నిజం చెప్తా. కాయ నా సంకలోనే పట్టింది, అది మీరు తగ్గించుకొనే ఉంటరు. నేను అచ్చంగా కల్పించింది మాత్రం ఆమె ఊకున్నదన్న ముక్క. ఆమె లేచి నిలబడి, మైకు అక్కర్లేనంత గొంతుతో అన్నది:

"గీయన ఏసినయన్నీ మాడినయి. పారేసింది కాసింది!"

ఆ నవ్వులు కాళేశ్వరం దాకా వినబడ్డయి. ఇందులో నేను ఒక్క పిసరు కూడా పెంచలే.