ప్లగ్గు పీకే దానయ్య

దానయ్య బాబాయ్ ఎవరింటికి వెళ్ళినా ముందు స్విచ్‌బోర్డుకు ముక్కు ఆనించి వాసన చూస్తాడు. మనుషుల్ని పలకరించడం ఆ తర్వాత. వాసన నచ్చకపోతే పలకరింపూ ఉండదు, ప్లగ్గు పీకేసి వెళ్ళిపోతాడు.

రొంపిచెర్లలో నలభై ఏళ్ళు బోరు మోటార్లు బాగుచేసి, తీగ కాలే వాసన ఇట్టే పసిగట్టే ముక్కు అది. ఓసారి చర్చిలో ప్రార్థన మధ్యలో మైకు ప్లగ్గు పీకాడు. పాస్టరుగారి పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆమెన్ ఎప్పుడనాలో తెలియక మేమంతా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

డిసెంబరొస్తే ఆయన కాలు నిలవదు. మా పేటలో క్రిస్మస్‌కు ఇంటింటికీ కాగితం స్టార్ కడతాం. రోడ్డు మీద బస్సుల్లోవాళ్ళకు కనపడాలని లోపల వంద వాట్ల బల్బు పెడతాం. తీగ చాలకపోతే అతుకేసి, అతుక్కి క్యారీబ్యాగు చుడతాం. తప్పు మాదే, కాదనను. కానీ ఊరంతటికీ కరెంటు స్తంభాలు వేసి, మా పేటకొచ్చేసరికి వెదురుగడల మీద తీగ లాగి వదిలేసిన వాళ్ళ తప్పు ఎవరూ వాసన చూడరు.

ఈసారి చిక్కు సుందరితో వచ్చింది. పత్తి తీతకు వెళ్ళే మనిషి, ఉండేది పూరింట్లో. క్రిస్మస్ పాటల బృందంవాళ్ళు మొదటిసారి ఆమె వాకిట్లో పాడతామన్నారు. వారం రోజులు కూర్చుని స్టార్ చేసి, చూరుకు కట్టుకుంది. పండగ ముందురోజు పొద్దున్నే బాబాయ్ వచ్చాడు, వాసన చూశాడు, పీకాడు.

"ఎండుగడ్డి కింద వంద వాట్ల బల్బేందే? ఇల్లు తగలబడుద్ది."

"డాబాలోళ్ళకేనా బాబాయ్ పండగ? ఇయ్యాల నా వాకిలి చీకటైతే మళ్ళీ నీ మొహం చూడను."

ఆయన వెళ్ళిపోయాడు. పేటంతా తిట్టింది. నేను కాస్త గట్టిగానే తిట్టాను.

మధ్యాహ్నానికి గడ్డపలుగుతో తిరిగొచ్చాడు. పూరింటికి దూరంగా గుంట తీసి సర్వి బాదు పాతాడు, డాబా కంటే పొడుగున్న సరుగుడు కర్ర. తన ఇంటి నుంచి అతుకు లేని కొత్త తీగ లాగాడు. వేడెక్కని చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టి, స్టార్‌ను బాదు కొసకు ఎక్కించాడు. సుందరి మొహం అటు తిప్పుకునే బాదు పట్టుకుని నిలబడింది.

పొద్దు గూకేసరికి డాబాల మీది స్టార్ల కంటే సుందరిదే ఎత్తున వెలిగింది. పాటలవాళ్ళు వచ్చారు, పేటంతా చేరింది, బాబాయ్ తప్ప. "ఆయన్ని పిలుచుకురా అన్నా," అంది సుందరి నాతో.

వెళ్ళి చూస్తే తన ఇంట్లో, ప్లగ్గు పక్కన స్టూలేసుకుని, తీగ మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"నేనొస్తే, ఇది వేడెక్కిద్దేమో చూసేదెవరు? మీరు పాడండయ్యా, తలుపు తెరిచే ఉంచా."

వచ్చి సుందరికి చెప్పాను. మొదటి పాట తన వాకిట్లో పాడించుకుంది. రెండోదానికి డప్పుతో సహా అందర్నీ ఆయన గుమ్మంలోకి నడిపించింది. బాబాయ్ చెయ్యి తీగ మీంచి కదల్లేదు. కాలు మాత్రం తాళం వేసింది.