బొప్పాయి ఎవరి పండు?

ఈ రోజు గల్ఫ్‌లో, ఘుబ్రాలోని మా వంటింట్లో చిలగడదుంప, చేమదుంప, అల్లం, పటికబెల్లం కలిసి ఉడుకుతున్నాయి. పై ఫ్లాట్‌లో ఉండే చైనా ఆవిడ, కాంటన్ వాళ్ళావిడ, నేర్పిన తీపి సూప్ ఇది. దుంపలు మెత్తబడ్డాకే బొప్పాయి ముక్కలు వేయాలి. వేయగానే వచ్చిన వాసనకు నాకు ఒళ్ళు మండింది.

మీకూ గుర్తుందా, ఆడపిల్లలు బొప్పాయి ముట్టుకోకూడదనేవారు? మా పెరట్లో చెట్టుకు బియ్యం కడిగిన నీళ్ళు మోసింది నేను. పండు కోసి పళ్ళెంలో పెట్టింది అన్నయ్యలకు. "నీకొద్దే, వేడి చేస్తుంది" అనేది నాయనమ్మ. గింజలు ఊడ్చే పని మాత్రం నాదే. ఆ వేడి అన్నయ్యలకెందుకు చేయదో ఎవరూ చెప్పలేదు.

పై ఫ్లాట్ ఆవిడేమో, "మా ఇళ్ళలో ఇది ముందు ఆడపిల్లలకే పోస్తాం" అంది.

ఇంతలో అమ్మ ఫోన్ చేసింది. ఏం వండుతున్నానో చెప్పాను.

"పిల్లకు బొప్పాయి పెడతావా? పెద్దమనిషయిందే, జాగ్రత్త."

"నువ్వెప్పుడైనా తిన్నావా అమ్మా?"

అమ్మ మెల్లగా అడిగింది.

"బాగా తియ్యగా ఉంటుందా?"

మొదటి గిన్నె నా కూతురికి పోశాను. నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.