వీపు చూపకుండా వెళ్లడం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో కడప కాలేజీ వాళ్లు నన్ను ఉపన్యాసానికి పిలిచారు. మూలమైన ‘ఏకం’ నుంచి పుట్టిన ప్రతిదీ, బయటికి వస్తూనే దానివైపు ముఖం తిప్పి ఉంటుందని ప్రాచీన గ్రీకులు చెప్పారు. ఆ భావమే తరవాత సూఫీల దాకా చేరిందని నా వాదన. ఏళ్ల తరబడి పాఠం చెప్పినా అది ఒక్క విద్యార్థికీ ఎక్కలేదు. నిజానికి నాకూ ఎక్కలేదు.

కడప బస్సులో పరిచయమైన కమలాపురం రైతు, రెడ్డిగారు, మొక్కు తీర్చుకోవడానికి ఆ ఊళ్లోని దర్గాకు వెళ్తూ నన్నూ వెంటబెట్టుకెళ్లారు. చక్కెర మీద ప్రార్థన చదివించి, సమాధికి దణ్ణం పెట్టి, అటే చూస్తూ వెనక్కి అడుగులేయసాగారు.

“అట్లా నడుస్తున్నారేం?” అన్నాను.

“సామికి ఈపు సూపించకూడదు సారూ. ఈడ అందరం ఇంతే.”

నా పాఠం నా కళ్లముందే నడుస్తోంది. ఉత్సాహం ఆగక నేనూ వెనక్కి నడుస్తూ ఆయనకు గ్రీకుల సంగతంతా చెప్పడం మొదలుపెట్టాను. గడప తగిలి, బయట చెప్పుల కుప్పలో వెల్లకిలా పడ్డాను.

“నడిచేటప్పుడు మాటలెందుకు సారూ,” అంటూ లేవదీశారు.

సాయంత్రం కుంటుతూ వేదికెక్కి, ఆ దర్గా సంగతే ఉదాహరణగా చెప్పాను. శ్రోతలు ఒక్కొక్కరే లేచి, నాకు వీపు చూపిస్తూ వెళ్లిపోయారు. నేను మళ్లీ పడతానేమోనని వచ్చి వెనక వరసలో కూర్చున్న రెడ్డిగారు మాత్రం, నావైపే చూస్తూ వెనక్కి నడిచారు. ఒక్కరికైనా ఎక్కిందని పొంగిపోయాను. తీరా చూస్తే, కమలాపురం బస్సుకు టైమైందని నాకు చేత్తో సైగ చేస్తున్నారు.