నిండుగా కనబడిన అరలు

ఉచిత సరుకుల గిడ్డంగిలో పదకొండేళ్లుగా నిల్వలు చూసే ఆవిడను అందరూ తాళాలమ్మ అనేవారు. మనిషి మంచిదే. కాకపోతే ఒక్క అర ఖాళీగా కనబడినా, పదిమందిలో తన పరువు పోయినట్టు మొహం మాడ్చుకునేది.

బుధవారం సరుకులు పంచే రోజు. మర్నాడే సరుకులిచ్చే సంఘం పెద్దాయన చూడడానికి వస్తానన్నాడు. కొత్త సరుకు వ్యాను శనివారం గానీ రాదు. ఉన్నది పంచేస్తే ఆయనకు బోసి అరలు చూపించాలి. అందుకని తలుపు సగం మూసి, "సరుకు రాలేదు, సోమవారం రండి" అని వరుసలోని నలభై మందినీ పంపేసింది.

గొణుక్కుంటూ అందరూ పోయారు. ఇస్త్రీ చేసే ఆవిడ మాత్రం కదల్లేదు.

"పాలపొడి డబ్బా ఒక్కటైనా చూడక్కా. నీళ్లు కలిపీ కలిపీ రంగు తప్ప పాలేం మిగల్లేదు పిల్లదానికి."

"ఉంటే ఇవ్వనా చెల్లీ? దాచుకుని నేనేమన్నా తాగుతానా?"

"తాగుంటే ఆ గొంతు అంత గరుగ్గా ఉండదులే," అని నవ్వి వెళ్లిపోయింది. నమ్మి నవ్విన ఆ నవ్వు తాళాలమ్మకు ఆ పూట ముద్ద దిగనివ్వలేదు.

మర్నాడు పెద్దాయన పాలపొడి డబ్బాలు తట్టి చూశాడు. "భేష్! మీకు లోటే లేదు. వచ్చే నెల మీ వంతు పక్క ఊరి గిడ్డంగికి పంపేస్తాను. పాపం, వాళ్ల అరల్లో పిల్లులు పడుకుంటున్నాయి."

ఆయన కారెక్కుతుంటే, తాళాలమ్మ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి తలుపు పట్టుకుంది.

"అయ్యా, అవి మిగిలినవి కావు. నిన్న జనానికి అబద్ధం చెప్పి ఆపినవి. మీ కళ్లకు నిండుగా ఉండాలని."

ఆయన మొహం ముడుచుకుంది. "వంతు ఆపను. కానీ మీ సంగతి పైవాళ్లకు రాయక తప్పదు."

"రాయండి."

వెనక్కి వచ్చి తలుపులు బార్లా తీయించి, నలభై ఇళ్లకూ కబురంపింది. రెండు డబ్బాలు తీసుకుని ఇస్త్రీ ఆవిడ దగ్గరికి తానే వెళ్లింది.

"అప్పుడే వచ్చేసిందా సరుకు!"

"నిన్ననే ఉంది."

ఇస్త్రీపెట్టె చొక్కా మీద ఆగిపోయింది. ఆవిడ దాన్ని పక్కకు పెట్టి, డబ్బాలు అందుకుని, "నిన్న పిల్లది మూడుసార్లు ఏడ్చింది," అంది.

మళ్లీ పనిలో పడిపోయింది. కూర్చోమనలేదు. పొమ్మనేదాకా పోకూడదనుకుని తాళాలమ్మ గడప దగ్గరే నిలబడింది.